ఇరవై ఏళ్ళప్పుడు ఇచ్చిన మాట ఇప్పటి నన్ను కట్టిపడేస్తుందా?

చదివేవాళ్ళందరికీ అర్థం కావాలి కాబట్టి ముందు మీ ప్రశ్నను నా మాటల్లో క్లుప్తంగా చెప్తాను. మీది ఉద్దానం వైపు ఊరు. శ్రీకాకుళంలో డిగ్రీ చదివే రోజుల్లో, ఇరవై ఏళ్ళ వయసులో, గురజాడ జయంతి సభలో మీరూ మీ స్నేహితులూ కట్నం తీసుకోబోమని అందరి ముందూ మాట ఇచ్చారు. ఇంటికెళ్ళి చెల్లెలికీ అదే చెప్పారు. ఇప్పుడు మీకు 29. హైదరాబాదులో ఉద్యోగం. ఈలోగా చెల్లి పెళ్ళయింది. నాన్నగారు జీడితోట అమ్మి కట్నం ఇచ్చారు, ఇంకా కొంత అప్పు మిగిలింది. మీకు వచ్చిన సంబంధంతో ఆ లోటు పూడ్చుకోవాలని ఇంట్లో పట్టుబడుతున్నారు. మీరు కాస్త వెనకాడితే నాన్నగారు "అంత పెద్దోడివైపోనావేటిరా, నువ్వసలు మా గుంటడివేనా" అన్నారు (గుంటడంటే మన వైపు కుర్రాడు).

ఆ తర్వాత మీరు అడిగింది ఇది: "ఆ ఇరవై ఏళ్ళ కుర్రాడూ ఇప్పటి నేనూ ఒకే మనిషిమా? కాకపోతే అతని మాటకు నేనెందుకు కట్టుబడాలి? పార్ఫిట్ అనే తత్వవేత్త కూడా 'అదే మనిషి' అన్నది అంత ముఖ్యం కాదన్నాడట. ఇంకోవైపు, కుటుంబాన్ని కాదంటే నేనంటూ ఏం మిగులుతాను? నేనెవరు అన్నది ముందా, నా విలువలు ముందా?"

విజయనగరంలో చాలా ఏళ్ళు డిగ్రీ పిల్లలకు తత్వశాస్త్రం, తర్కం చెప్పాను. ఈ ప్రశ్నను పుస్తకంలోంచి కాకుండా పెళ్ళి టెన్షన్‌లోంచి అడిగినందుకు సంతోషం, ఎందుకంటే అది పుట్టింది ఇలాంటి చోటే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ మాట మిమ్మల్ని కట్టేస్తుంది. అయితే కారణం మీరు వెతుకుతున్న చోట లేదు. "అసలైన నేను ఎవరు" అన్నది తేల్చుకుంటే "ఏం చేయాలి" అన్నది దానంతట అదే తేలుతుందని మీరు అనుకుంటున్నారు. నాకు తెలిసినంతలో వరస దానికి తిరగబడి ఉంటుంది.

పాశ్చాత్య తత్వశాస్త్రంలో ఈ చర్చను ఇప్పటి రూపంలో మొదలుపెట్టినవాడు జాన్ లాక్. మానవ జ్ఞానం గురించి రాసిన పెద్ద గ్రంథం రెండో కూర్పులో, 1694లో, ఐడెంటిటీ మీద ఒక కొత్త అధ్యాయం చేర్చాడు. అందులోంచి చాలామంది ఒక్క సంగతే గుర్తుపెట్టుకుంటారు: ఎంతవరకు గుర్తుందో అంతవరకే ఆ మనిషి. కానీ లాక్ ఆ ప్రశ్న ఎందుకు ఎత్తుకున్నాడో చూడాలి. తాగి ఒళ్ళు తెలియని స్థితిలో చేసిన నేరానికి, తెలివి వచ్చాక ఆ మనిషిని శిక్షించడం న్యాయమేనా? అంతిమ తీర్పు రోజున ఎవరు ఏ పనికి జవాబు చెప్పుకోవాలి? ఇవి ఆ అధ్యాయంలో ఉన్న ప్రశ్నలు. "వ్యక్తి" అన్నది ఆయన దృష్టిలో కోర్టుకు సంబంధించిన భావన. చేసిన పని ఎవరి ఖాతాలో రాయాలి, ఎవరిని మెచ్చుకోవాలి, ఎవరిని నిలదీయాలి అని తేల్చడానికే ఆ భావన అవసరం పడింది. గతంలో చేసిన పనిని "ఇది నాది" అని ఒప్పుకోవడం ఆయన సిద్ధాంతంలో చాలా పెద్ద భాగం.

దీన్ని థామస్ రీడ్ అనే తత్వవేత్త 1785లో గట్టిగానే తప్పుపట్టాడు. ఒక కుర్రాడు తోటలో దొంగతనం చేసి బడిలో దెబ్బలు తిన్నాడు. పెద్దయ్యాక సైన్యంలో చేరి శత్రువు జెండా పట్టుకొచ్చాడు, అప్పటికి ఆ దెబ్బలు గుర్తున్నాయి. ముసలితనంలో జనరల్ అయ్యాడు, జెండా సంగతి గుర్తుంది కానీ దెబ్బల సంగతి మరిచిపోయాడు. లాక్ లెక్క ప్రకారం జనరల్, సైనికుడు ఒకరే, సైనికుడు, కుర్రాడు ఒకరే, కానీ జనరల్, కుర్రాడు ఒకరు కారు. ఇదెలా కుదురుతుంది అని రీడ్ అడిగాడు. మంచి అభ్యంతరమే. మీ విషయంలో మాత్రం దాని అవసరం లేదు. ఆ సభ మీకు గుర్తుంది, పక్కన ఎవరు నిలబడ్డారో గుర్తుంది, ఇచ్చిన మాట గుర్తుంది. లాక్ ముందు నిలబడితే మీ కేసు ఐదు నిమిషాల్లో ముగిసిపోతుంది.

ఇంతకంటే పాత చర్చ మన దగ్గరే ఉంది. వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద స్తూపాలు మీరు చూసే ఉంటారు. విజయనగరం దగ్గర రామతీర్థంలోనూ గురుభక్తుల కొండ మీద బౌద్ధ శిథిలాలు ఉన్నాయి. శాశ్వతమైన "నేను" అంటూ ఏదీ లేదని నమ్మిన భిక్షువులు ఉన్న చోట్లు అవి. అప్పుడు వెంటనే వచ్చే ప్రశ్న: నేనే లేకపోతే నా కర్మ ఎవరికి అంటుతుంది? మిళిందపన్హ అనే పాత బౌద్ధ గ్రంథంలో గ్రీకు రాజు మిళిందుడు భిక్షువు నాగసేనుణ్ణి ఇదే అడుగుతాడు. నాగసేనుడు మామిడిపళ్ళ దొంగ కథ చెప్తాడు. పట్టుబడ్డ దొంగ "ఈయన నాటిన కాయ వేరు, నేను కోసిన కాయ వేరు, ఈయనవి నేనేమీ తీసుకోలేదు" అని వాదిస్తే వదిలేస్తావా రాజా అంటాడు. వదలను అంటాడు రాజు. ఎందుకు వదలవు? దొంగ కోసిన కాయ ఈయన నాటిన కాయలోంచే కదా వచ్చింది.

అదేచోట ఇంకో ఉదాహరణ ఉంది, మీకు అదింకా దగ్గరిది. ఒకడు చిన్నపిల్లకు శుల్కం చెల్లించి పెళ్ళికి కుదుర్చుకుని ఎటో వెళ్ళిపోతాడు. పిల్ల పెద్దదవుతుంది. ఇంకొకడు శుల్కం ఇచ్చి పెళ్ళి చేసుకుంటాడు. మొదటివాడు తిరిగొచ్చి గొడవ పడితే రెండోవాడు "నువ్వు డబ్బిచ్చింది చిన్నపిల్లకు, నేను చేసుకుంది పెద్దమ్మాయిని, ఇద్దరూ వేరు" అంటాడు. రాజు మొదటివాడి పక్షానే తీర్పు చెప్తాడు. ఆ పెద్దమ్మాయి ఆ చిన్నపిల్లలోంచే వచ్చింది కాబట్టి.

నైయాయికులు, అంటే న్యాయ దర్శనం వాళ్ళు, బౌద్ధుల మాట ఒప్పుకోలేదు. కంటితో చూసిన వస్తువునే చేత్తో తాకుతున్నానని తెలియాలంటే చూసినవాడూ తాకినవాడూ ఒకడే అయి ఉండాలి, వాడే ఆత్మ అన్నారు. క్షణక్షణానికీ మనిషి మారిపోతే చేసిన పనికి ఫలం లేకుండా పోతుంది, చేయని పనికి ఫలం నెత్తిన పడుతుంది అన్నారు. కృతనాశం, అకృతాభ్యాగమం అని ఈ దోషాలకు పేర్లు కూడా పెట్టారు. నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించేది ఈ గొడవలో రెండు పక్షాలూ ఒప్పుకున్న విషయం. ఆత్మ ఉందా లేదా అన్న దగ్గర శతాబ్దాల పాటు కొట్టుకున్నారు, కానీ చేసినదానికి మనిషి జవాబుదారీ అన్నదాన్ని ఎవరూ వదులుకోలేదు. బాధ్యతను నిలబెట్టలేని సిద్ధాంతం ఓడినట్టే అని ఇద్దరికీ తెలుసు. అంటే "నేను" అనేదాన్ని ఎలా అర్థం చేసుకోవాలో బాధ్యతే నిర్ణయిస్తోంది. మీరేమో "నేను" అనేదాన్ని వాడి బాధ్యతను తీసేయాలని చూస్తున్నారు.

ఇక పార్ఫిట్. 1984లో వచ్చిన ఆయన పుస్తకం నిజంగానే గొప్పది. మనసులోని జ్ఞాపకాలు, ఉద్దేశాలు, స్వభావం ఒకదానితో ఒకటి ముడిపడి సాగడమే ముఖ్యమనీ, దానికి అవతల "అదే మనిషి" అనే లోతైన వస్తువేదీ లేదనీ ఆయన వాదించాడు. ఆ ముడి కాలంతో వదులవుతుంది కాబట్టి చాలా పాత తప్పుకు శిక్ష తగ్గొచ్చని కూడా ఆలోచించాడు. మీరు పట్టుకున్నది ఈ కొసే. కానీ అదే పుస్తకంలో, దాదాపు మీ కథే ఉంది. పంతొమ్మిదో శతాబ్దపు రష్యాలో ఒక యువకుడు. కొన్నేళ్ళకు పెద్ద ఆస్తి చేతికొస్తుంది. దాన్ని రైతులకు పంచేయాలని అతని నిర్ణయం. వయసు పెరిగితే తన ఆదర్శాలు సడలుతాయేమోనని భయం. అందుకని భూమిని రాసిచ్చే పత్రం ముందే సిద్ధం చేసి, భార్య ఒప్పుకుంటే తప్ప దాన్ని రద్దు చేయకూడదని రాస్తాడు. "నేను మారిపోయి రద్దు చేయమని అడిగితే ఒప్పుకోవద్దు. అలా అడిగేవాడు నేను కాదనుకో" అని ఆమె దగ్గర మాట తీసుకుంటాడు. నడివయసులో అతను అడగనే అడుగుతాడు. మాట ఇచ్చింది ఆ యువకుడికి కాబట్టి ఈ నడివయసు మనిషి దాన్నుంచి తనకు విడుదల ఇవ్వలేడని ఆమెకు అనిపించడం అర్థమున్న విషయమే అంటాడు పార్ఫిట్.

కాబట్టి పార్ఫిట్ దారిలో వెళ్ళినా మీరు అనుకున్న ఊరు రాదు. ఆ ఇరవై ఏళ్ళ కుర్రాడు మీరే అయితే మాట మీది. అతను వేరే మనిషి అయితే, అతని మాటను రద్దు చేయడానికి మీరెవరు? పైగా మాట పుచ్చుకున్నవాళ్ళు ఇంకా ఉన్నారు. విడుదల చేస్తే వాళ్ళే చేయాలి. స్నేహితుల సంగతి అలా ఉంచండి. మీ చెల్లెలిని అడిగారా? తన పెళ్ళికి తోట పోవడం కళ్ళారా చూసిన మనిషి ఆమె. అన్నయ్య తీసుకోనన్నాడని ఇన్నేళ్ళూ మనసులో పెట్టుకుని ఉంటుంది. ఆమెను అడక్కుండా ఫిలాసఫీని అడగడం సబబు కాదు.

అలాగని ఎప్పుడో అన్న ప్రతి మాటకూ మనిషి చచ్చేదాకా బందీ అని నేను అనడం లేదు. ఇరవై ఏళ్ళప్పుడు "ఫలానా కులం వాళ్ళింట్లో మంచినీళ్ళు కూడా ముట్టను" అని ఒట్టు పెట్టుకున్న మనిషి, నలభై ఏళ్ళకు అక్కడ కూర్చుని భోజనం చేస్తే అతను మాట తప్పాడని మనం తప్పుపట్టం. కళ్ళు తెరిచాడంటాం. విలువలు మారడం మనిషికి ఉన్న గొప్ప శక్తి. తేడా ఎక్కడుందంటే, ఆ మనిషి తన పాత నేనును ఎదురుగా కూర్చోబెట్టుకుని "ఆ ఒట్టు తప్పు, ఎందుకంటే ఇదిగో" అని చెప్పగలడు. మీరు చెప్పగలరా? "కట్నం అన్యాయం కాదని నాకు ఇప్పుడు అర్థమైంది" అని మీ ప్రశ్నలో ఎక్కడా లేదు. "ఇప్పుడు అవసరం పడింది" అని ఉంది. అవసరం చాలా నిజమైనది, దాని గురించి కింద రాస్తాను. కానీ అవసరం పడటమూ, విలువ మారటమూ ఒకటి కావు. హ్యారీ ఫ్రాంక్‌ఫర్ట్ అనే తత్వవేత్త 1971లో రాసిన ఒక వ్యాసంలో చెప్పిందాన్ని బట్టి చూస్తే, మనిషిని మనిషిని చేసేది కోరికలు కావు, వాటి మీద తనకుండే అభిప్రాయం. నాకు ఈ కోరిక ఉంది, కానీ ఇది నన్ను నడిపించడం నాకిష్టమేనా అని అడుక్కోగలగడం. డబ్బు వస్తే బాగుండునని మీకుంది. ఆ కోరిక మిమ్మల్ని నడిపించడం మీకు ఇష్టం లేదు. లేకపోతే ఇంత పెద్ద ప్రశ్న రాసేవారే కాదు.

"మా గుంటడివేనా" అన్న నాన్నగారి మాటను మీరు కోపంలో అన్న మాటగా రాశారు. నాకు అందులో లోతైన సంగతి ఉందనిపిస్తుంది. మనవాళ్ళు "మనిషి మారిపోనాడు" అని ఎప్పుడంటారో గమనించండి. ముసలాయనకు పేర్లు గుర్తుండకపోతే అనరు. మంచిగా ఉండేవాడు దయాదాక్షిణ్యం లేకుండా ప్రవర్తిస్తే అంటారు. దీన్ని పరిశోధకులు పరీక్షించి చూశారు కూడా. 2015లో స్ట్రోమింగర్, నికోల్స్ అనే ఇద్దరు 248 మంది రోగుల కుటుంబసభ్యులను ప్రశ్నలడిగారు. ఆ రోగుల్లో కొందరికి జ్ఞాపకం పోయే అల్జీమర్స్, కొందరికి కండరాలు చచ్చుబడిపోయే జబ్బు, కొందరికి మెదడు ముందుభాగం దెబ్బతిని జాలి, మర్యాద, మంచిచెడ్డల ఇంగితం దెబ్బతినే జబ్బు. "ఈయన మునుపటి మనిషి కాడు" అని ఇంట్లోవాళ్ళకు అందరికంటే ఎక్కువగా అనిపించింది ఆ మూడో రకం వాళ్ళ విషయంలో. జ్ఞాపకం పోవడం అంత లెక్కలోకి రాలేదు. నైతిక స్వభావం పోతే మనిషే పోయినట్టు అనిపించింది. లాక్ జ్ఞాపకాన్ని పట్టుకున్నాడు, ఇంట్లో సేవ చేసేవాళ్ళు స్వభావాన్ని పట్టుకున్నారు. నేను ఈ విషయంలో ఇంట్లోవాళ్ళ వైపే.

అయితే ఇక్కడొక జాగ్రత్త కావాలి. 2014లో న్యూమన్, బ్లూమ్, నోబ్ చేసిన పరిశోధనలో ఇంకో సంగతి తేలింది. ఒక మనిషిలో మార్పు వచ్చినప్పుడు, ఆ మార్పు మంచిదని మనకు తోస్తే "అసలు మనిషి బయటికొచ్చాడు" అంటాం. చెడ్డదని తోస్తే "అసలు మనిషిని పోగొట్టుకున్నాడు" అంటాం. సంప్రదాయవాదులు ఒకలా, ఉదారవాదులు ఇంకోలా, ఎవరి విలువలను బట్టి వాళ్ళు ఎదుటివాడి "అసలు నేను"ను నిర్ణయిస్తారు. ఇప్పుడు మీ ఇంటికి రండి. నాన్నగారి దృష్టిలో అసలైన మీరు ఇంటి కష్టం చూసి తల వంచే కొడుకు. మీ కాలేజీ స్నేహితుల దృష్టిలో అసలైన మీరు ఆ సభలో నిలబడ్డ కుర్రాడు. ఇద్దరూ ఎవరి విలువను వాళ్ళు మీ మీద చదువుతున్నారు. అందుకే "వీళ్ళలో అసలు నేను ఎవరు" అని ఎంత తవ్వుకున్నా జవాబు రాదు. ఏది సరైనదో ముందు తేలాలి, అప్పుడు అసలు మీరు ఎవరన్నది దాని వెంట వస్తుంది. "నీకు నువ్వు నిజాయితీగా ఉండు" అనే సలహా నాకు అందుకే సరిపోదు. ఏ నేనుకు?

కుటుంబం సంగతి తేలికగా తీసేయదగ్గది కాదు. ఆలస్డర్ మకింటైర్ అనే తత్వవేత్త 1981లో ఒక మాట గట్టిగా అన్నాడు: నేను ఎవరికో కొడుకుని, ఏదో ఊరివాణ్ణి, ఏదో వంశం వాణ్ణి, వాటి అప్పులూ బాధ్యతలూ నాకు వారసత్వంగా వస్తాయి, నా జీవితం అక్కడి నుంచే మొదలవుతుంది. నిజం. తోట అమ్మింది మీ చెల్లి కోసం. ఆ తోట ఉంటే మీకూ వాటా వచ్చేది, అప్పులో మీకూ భాగం ఉంది. కొడుకుగా ఆ అప్పు మీది. దాన్ని మీరు తప్పించుకోకూడదని నేను చాలా గట్టిగా అంటాను. అయితే ఆ వారసత్వంలోని నైతిక పరిమితులను కూడా అలాగే నెత్తికెత్తుకోవాలని లేదని మకింటైరే అన్నాడు. అప్పు మీకు వచ్చింది. దాన్ని ఇంకో ఇంటి తోట అమ్మించి తీర్చమనే నియమం రాలేదు.

"మేము ఇలాంటివాళ్ళం" అనే భావనకు ఎంత బలముందో మన వైపువాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. క్రిస్టీన్ కోర్స్‌గార్డ్ 1996లో వచ్చిన పుస్తకంలో, మన కర్తవ్యాలు మన ఐడెంటిటీల నుంచే పుడతాయంటుంది. ఏది చేస్తే నేను నేనుగా మిగలనో అది నేను చేయలేను. ఇది చదివినప్పుడల్లా నాకు బొబ్బిలి గుర్తుకొస్తుంది. 1757 జనవరి 24. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు ఒకవైపు, విజయనగరం రాజు విజయరామరాజు సేన ఇంకోవైపు. కోట నిలవదని తేలాక లోపలి వాళ్ళు లొంగిపోవడానికి ఒప్పుకోలేదు. తమ ఆడవాళ్ళనూ పిల్లలనూ తామే చంపుకుని, చివరిదాకా పోరాడి చనిపోయారు. బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు విజయరామరాజు డేరాలోకి చొరబడి ఆయన్ను చంపాడు. వాళ్ళ ధైర్యం ముందు నేను తల వంచుతాను. అయినా ఒక మాట అడగక తప్పదు. ఆ రోజు చనిపోయిన పసిపిల్లలు "మేము ఇలాంటివాళ్ళం" అని తామే అనుకునే వయసులో లేరు. వాళ్ళ తరఫున పెద్దవాళ్ళు అనుకున్నారు. ఐడెంటిటీ కర్తవ్యాన్ని పుట్టిస్తుంది, ఒప్పుకుంటాను. అది మంచి కర్తవ్యమా కాదా అన్నది మాత్రం ఐడెంటిటీ తనంతట తాను చెప్పలేదు. జెరాల్డ్ కోహెన్ కోర్స్‌గార్డ్‌కి ఇదే ఎత్తిచూపాడు: మాఫియా మనిషికీ తన ముఠా ఐడెంటిటీ ఉంది, దాని నుంచి కర్తవ్యాలూ పుడతాయి, మరి వాటిని ఏం చేద్దాం? అన్ని ఐడెంటిటీల కింద "మనిషిని" అనే ఐడెంటిటీ ఉందనీ, మిగతావి దానికి లోబడాలనీ కోర్స్‌గార్డ్ వాదన. ఆ వాదన పూర్తిగా నిలుస్తుందో లేదో ఇంకా చర్చ నడుస్తూనే ఉంది. ఏ కులం, ఏ ఇంటిపేరు, ఏ ఊరు అయినా దాన్ని బయటి నుంచి తూచగలిగేది ఇంకొకటి ఉండాలన్నంతవరకూ నాకు సందేహం లేదు.

ఇంటి పద్ధతి పోతే ఇల్లే పోతుందన్న భయానికి విజయనగరంలోనే జవాబుంది. 1892లో ఇక్కడ కన్యాశుల్కం నాటకం ఆడినప్పుడు ఆడపిల్లకు వెల కట్టి డబ్బు తీసుకోవడం చాలా ఇళ్ళల్లో మామూలు పద్ధతి. విజయనగరం మహారాజు ఆనంద గజపతి ఒక జాబితా తయారు చేయించారు. అప్పటి విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో అలాంటి పెళ్ళిళ్ళు 1,034. వాటిలో ఐదేళ్ళ పిల్లలు 99 మంది. ఏడాది వయసు పిల్లలు ముగ్గురు. 1897 నాటి మొదటి కూర్పు ముందుమాటలో గురజాడ ఈ అంకెలు ఇచ్చారు. ఆ తండ్రులను అడిగితే "మా ఇంటి ఆచారం" అనే ఉంటారు. ఆ ఆచారం పోయింది. ఆ కుటుంబాలు పోలేదు. వాళ్ళ మునిమనవలు అవే ఇంటిపేర్లతో ఇక్కడే తిరుగుతున్నారు, ఎవరికీ తమ ఐడెంటిటీ పోయినట్టు లేదు. పద్ధతే మనమనుకున్న చోట చాలాసార్లు అది మనం కాదని, వదిలేశాక తెలుస్తుంది.

మీ ప్రశ్నలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆపింది ఇంకోటి. నేను, నా మాట, నా కుటుంబం, నా విలువలు. ఇంత పొడుగు ప్రశ్నలో సంబంధం వచ్చిన ఆ అమ్మాయి ఒక్క వాక్యంలో కూడా లేదు. బాబూ, మీరు చెడ్డవారని కాదు. "నేనెవరు" అనే ప్రశ్న మనిషిని అలా లోపలికి లాగేస్తుంది. నాగసేనుడి ఉదాహరణలో శుల్కం ఇచ్చిన ఇద్దరు మగవాళ్ళూ, రాజూ, భిక్షువూ ఆ పిల్ల అదేనా కాదా అని వాదించుకున్నారు, ఆ పిల్లను ఎవరూ ఏమీ అడగలేదు. ఆనంద గజపతి జాబితాలో వయసులు ఉన్నాయి, ఆ పిల్లల ఇష్టాయిష్టాలు లేవు. బెర్నార్డ్ విలియమ్స్ 1973లో, మనిషికి తన జీవితాన్ని తనదిగా చేసే లోతైన కట్టుబాట్లు ఉంటాయనీ, లెక్కల కోసం వాటిని వదులుకోమని అడగడం అతన్ని అతని నుంచి విడదీయడమేననీ రాశాడు. అది మీకు బలాన్నిచ్చే వాదన. దాంట్లోని ప్రమాదాన్ని కూడా కొన్నేళ్ళకు ఆయనే చర్చించాడు. తన చేతులు శుభ్రంగా ఉన్నాయా లేదా అని చూసుకోవడంలో మునిగిపోయి, ఎదుటివాళ్ళను మరిచిపోయే స్థితి అది. కట్నం తీసుకోకపోవడానికి "నేను మాట తప్పే మనిషిని కాను" అన్నది రెండో కారణం. మొదటి కారణం అవతలి ఇంట్లో ఇంకో తండ్రి ఇంకో తోట అమ్మకానికి పెడతాడన్నది. ఒక ఆడపిల్ల తన మీద పడ్డ ఖరీదును జీవితాంతం మోస్తుందన్నది. విలువ ఎప్పుడూ బయటికి చూస్తుంది. ఆ వైపు చూశాకే మీరు ఎలాంటి మనిషి అన్నది ఏర్పడుతుంది.

చట్టం సంగతి మీరు అడగలేదు, ఒక్క ముక్క చెప్పి వదిలేస్తాను. 1961 నుంచీ కట్నం ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ నేరాలే. లాంఛనాలని పేరు మార్చినా, ఆడపడుచు కట్నమని చెల్లి పేరు మీద అడిగినా అదే. అయితే చట్టం చూపించి నాన్నగారి నోరు మూయించకండి. ఆయన కూతురి కోసం ఉన్న తోట అమ్మిన మనిషి.

ఆయనతో ఫోన్లో మాట్లాడొద్దు. ఊరెళ్ళి, అప్పు కాగితాలు ముందు పెట్టుకుని కూర్చోండి. ఎవరికి ఎంత బాకీ, వడ్డీ ఎంత, నెలకు మీ జీతంలోంచి ఎంత కట్టగలరు, ఎన్నేళ్ళు పడుతుంది అన్నది లెక్క వేసి చూపించండి. పెళ్ళి ఖర్చు తగ్గించుకుంటే ఎంత మిగులుతుందో కూడా వేయండి. కొడుకు తమను కాదనడం లేదు, అప్పును తన నెత్తిన వేసుకుంటున్నాడని ఆయనకు అంకెల్లో కనిపించాలి. కట్నం మాట ఆ తర్వాతే ఎత్తండి, చెల్లెలిని పక్కన కూర్చోబెట్టుకుని.

తాంబూలాలదాకా రాకముందే, వీలైతే పెళ్ళిచూపుల రోజునే, ఈ సంగతి ఆ అమ్మాయికీ వాళ్ళ ఇంట్లోవాళ్ళకూ మీ నోటితో మీరే చెప్పండి. మధ్యవర్తితో చెప్పించొద్దు. కట్నం వద్దన్నాడంటే అబ్బాయిలో ఏదో లోపముందేమో అనే అనుమానం మన వైపు ఇంకా ఉంది. మధ్యవర్తి నోట పడితే మీ మాట ఆ రూపంలోనే వాళ్ళకు చేరుతుంది.